ఉమాశ్రీ దాచుకున్న కిటుకు

ఉమాశ్రీకి సోమేశ్వరరావు మీద ఉన్నది అలాంటిలాంటి కోపం కాదు, అన్నం ముందు కూర్చున్నా అతని మొహమే గుర్తొచ్చేంత కోపం. రాదా మరి! హైటెక్ సిటీలో టీవీ తెరలకు సరుకు చేసే కంపెనీ ల్యాబులో ఇద్దరూ పీహెచ్‌డీలే. ఆ సరుకైన లిక్విడ్ క్రిస్టల్ ద్రవంలో అణువులు ఎంత బారుగా సర్దుకున్నాయో వెలుగుతో కొలవడం ఆమె పని. అణువుల పొడవునా కంపించే వెలుగు ఒకలా వంగుతుంది, అడ్డంగా కంపించేది మరోలా. ఆ తేడా పెరిగితే వరస బాగున్నట్టు. మూడేళ్లు కళ్లు పీక్కుపోయేలా కొలిచింది. పై అధికారి హోదాలో ఆయనగారు బెంగళూరు సభలో వాటిని తన కొలతలని చెప్పుకుని చప్పట్లు కొట్టించుకొచ్చాడు. పైగా స్వీట్లు పంచాడు, సిగ్గులేని మనిషి!

సకల జనుల సమ్మె రోజుల్లో, ఆ సరుకు కొనేవాళ్లు కొలత కళ్లారా చూస్తామని దిగారు. ఆ పొద్దున ఉమాశ్రీ ముందు షేర్ ఆటో ఆగింది.

"వస్తవా అక్కా? జర జల్దీ ఎక్కు, ఇగ రోడ్డు బంద్ చేస్తరు."

"నేను రానండి, మీరు వెళ్లండి" అని ఆమె సమ్మె సాకుతో పుప్పాలగూడలోని ఇంటికి తిరిగొచ్చి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. గాజు పలకల మధ్య ద్రవం నింపాక, అది తేటపడేదాకా వేడిచేసి మెల్లగా చల్లార్చాలి. లేదంటే అణువులు నింపినప్పుడు పారిన దారినే పడి ఉంటాయి, కొలత నిలకడగా రాదు. ఆ కిటుకు ఆమె ఎవరికీ చెప్పలేదు, సోమేశ్వరరావు ఏనాడూ ఆ పని చేసి ఎరగడు.

ఫోన్ మోగనే మోగింది.

"ఏంటమ్మా ఇది, రీడింగ్ ప్రతిసారీ మారిపోతోంది! అందరూ చూస్తున్నారు, ఏం చెయ్యాలో చెప్పమ్మా."

"మీ కొలతలే కదండీ, మీకు తెలియనిదా!"

"తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

"ముందు అవి ఎవరివో వాళ్లకి చెప్పండి. నాకు వినపడాలి."

అతను అక్కడున్నవాళ్లకి ఇంగ్లీషులో, గట్టిగా చెప్పాడు, ఈ కొలతలు తనవి కావని, ఉమాశ్రీవని. ఆ మాట చెవిన పడగానే ఆమె ఫోన్ కట్ చేసింది. కుదిరింది రోగం! కడుపు చల్లబడింది. ఆ పూట రెండుసార్లు కూర వడ్డించుకుని తింది.

మర్నాడు ల్యాబులో పక్క సీటు లోహిత్ ఆమె మొహం చూడలేకపోయాడు.

"మేడమ్, ఆయన ఆ మాట అన్నప్పుడు తెర మీద ఉన్నవి ఆ పిచ్చి రీడింగులేనండి. మీకు కొలవడం రాదనుకుని, సరుకు వద్దని వెళ్లిపోయారు."

గదిలోంచి సోమేశ్వరరావు బయటికొచ్చి, ఉమాశ్రీని చూసి తీరిగ్గా నవ్వాడు.

"నువ్వు అడిగినట్టే నీ పేరే చెప్పాను కదమ్మా!"