నల్లా డానియేలు కాగితం పువ్వు

యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలకు రోజు విడిచి రోజు నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు విడిచే పని ఈ ఏడు వానలు మొదలయ్యేనాటికి డానియేలు చేతికొచ్చింది. అతను జలమండలిలో లైన్‌మన్. అంతకుముందు చాలా ఏళ్లు సైదాబాద్ వైపు ఇదే పని చేశాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఒక గుంత మూత తీసి, పొడుగాటి ఇనుప చావి లోపలికి దించి తిప్పడమే కదా, ఏ బస్తీ అయితే ఏముందిలే అనుకుని వచ్చాడు.

మొదటి రోజే ఆ ధీమా పోయింది. తెల్లారి చావి తిప్పుతుంటే గల్లీ పిల్లలు చుట్టూ మూగారు. నీళ్లు చూడ్డానికి వచ్చారనుకున్నాడు. కానీ ఒక్కరూ గుంతలోకి చూడలేదు, అందరి చూపూ అతని మొహం మీదే. ఒకడి చేతిలో నోటుపుస్తకంలోంచి చింపిన పేజీ, ఒకతె చేతిలో మిఠాయి డబ్బాకు చుట్టిన గులాబీరంగు కాగితం. ఎవరి కాగితం వాళ్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో పెద్దది స్రవ్య, నాలుగో తరగతి పిల్ల. ముందుకొచ్చి తన కాగితం అతని మోకాలి మీద పెట్టింది.

"పువ్వు చేసుడు నేర్పియ్ చాచా. నేర్పిస్తనన్నవ్ గద."

తాను ఎన్నడూ అనలేదని, ఈ గల్లీకి ఇవాళే వచ్చానని డానియేలు చెప్పాడు. పిల్లలు తనను చూసి ఇంకెవరో అనుకుంటున్నారని అతనికి అనిపించింది. అందుకే ఇంతకుముందు నల్లా నీళ్లు విడిచిన చాచా వేరే, నేను వేరే అని నెమ్మదిగా విడమరిచాడు.

"తెల్సు," అంది స్రవ్య. "ఆ చాచా పోయిండు. ఇప్పుడు నల్లా చాచావు నువ్వే గద?"

"నేనే."

"మరింకేంది?"

ఒక మనిషిని ఇంకో మనిషి అనుకుని పొరబడితే సర్దిచెప్పొచ్చు. వీళ్లు పొరబడలేదు. అయినా పువ్వు అడుగుతున్నారు. తర్వాతి గల్లీకి ఆలస్యమవుతోందని చెప్పి డానియేలు స్కూటర్ ఎక్కేశాడు.

రాత్రి భోజనం దగ్గర భార్య ప్రీతికి చెప్తే ఆమె నవ్వి, ఏమో, మీ ఆఫీసులో అట్లాంటి ఆర్డర్ ఏదన్నా వచ్చిందేమో కనుక్కోమంది. ఎగతాళికే అంది. కానీ డానియేలుకు నిజంగానే అనుమానం పట్టుకుంది. నీళ్ల పొదుపు గురించి పిల్లలకు చెప్పండని ఆ మధ్య పై నుంచి ఏదో వచ్చిన గుర్తు. అందులో పువ్వుల సంగతి కూడా ఉందా? మర్నాడు సెక్షన్ ఆఫీసులో వేణుమాధవ్‌ను అడిగాడు. ఆయనది తణుకు దగ్గర ఊరు, కాగితాల పనంతా ఆయనే చూస్తాడు. ఆయన కళ్లజోడు తీసి, డానియేలును కాసేపు చూసి, "పువ్వులేంటండీ డానియేలుగారూ? అది పార్కులవాళ్లు కదా చూసేది?" అన్నాడు. డానియేలు కాదని చెప్పబోయి, ఔనని తలూపి బయటికొచ్చాడు.

ప్రతి వంతుకూ అదే వరస. ఒకరోజు ముందే వెళ్లి చూశాడు. పిల్లలు అంతకన్నా ముందే లేచి అరుగుల మీద కూర్చున్నారు. ఒకరోజు తలెత్తకుండా పని చేసుకోబోయాడు. చుట్టూ ఇన్ని చిన్న పాదాలు, ఇన్ని కాగితాల చప్పుడు. ఆ గాబరాలో చావి ఎటు తిప్పుతున్నాడో చూసుకోలేదు. తెరవాల్సినదాన్ని ఇంకా బిగించేసి, పక్క గల్లీకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో వాకిళ్లలో ఉన్నారు. స్రవ్య నాయనమ్మ చంద్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

డానియేలు నిజం చెప్పేశాడు. పిల్లల లొల్లికి తన బుర్ర తిరిగిపోయిందని, ఈ పువ్వు కథేమిటో తనకు అంతు పట్టడం లేదని అన్నాడు. చంద్రమ్మ కోపం అక్కడే చల్లారింది. పాత లైన్‌మన్ కొండల్ సంగతి అప్పుడు చెప్పింది. స్రవ్య చిన్నగున్నప్పుడు జ్వరంతో గడపలో పడుకుని ఒకటే ఏడుస్తుంటే, కొండల్ బిస్కెట్ పుడా కాగితం మడిచి ఒక పువ్వు చేసి ఇచ్చాడట. అది చూసి గల్లీ పిల్లలంతా మాకూ అని వెంటపడ్డారట.

"అందరికీ నేర్పిస్తనన్నడు. గదే పట్టుకున్నరు పోరగాళ్లు," అంది. "ఆయిన జల్‌పల్లిల ఇల్లు కట్టుకున్నడు. పోయి అడుగరాదు?"

ఆదివారం చర్చి అయ్యాక డానియేలు జల్‌పల్లి వెళ్లాడు. కొత్త కాలనీలో ఇంకా సున్నం వెయ్యని రెండు గదుల ఇల్లు కొండల్‌ది. విషయం వినగానే అతను గట్టిగా నవ్వి, అంతలోనే నవ్వు ఆపేశాడు.

"వచ్చే నల్లాకు నేర్పిస్త అనేటోణ్ణి భాయ్. ప్రతిసారి గదే మాట. చావి తిప్పుడు, ఉరుకుడు. గట్లనే రిటైర్ అయిపోయిన."

ఎలా చేశావో చూపించమని డానియేలు అడిగాడు. కొండల్ భార్య సావిత్రి పాత క్యాలెండర్ కాగితం చదరంగా కత్తిరించి ఇచ్చింది. కొండల్ దాన్ని ఒక మూల నుంచి ఎదుటి మూలకు మడిచాడు. ముక్కోణం వచ్చింది. ఆ తర్వాత చేతులు ఆగిపోయాయి. విప్పాడు, మళ్లీ మడిచాడు. రెండు పక్కల కొసలూ ఏటవాలుగా మడవాలని మాత్రం గుర్తుందన్నాడు. ఇద్దరు మగవాళ్లూ మంచం మీద కూర్చుని, ఒకరి చేతిలోది ఒకరు లాక్కుంటూ, ఆ కొసలు మడిచారు. టీ తెచ్చిన సావిత్రి చూసి ఇది కుక్క మూతి అంది. నిజమే. కింద మొన తేలిన మూతి, రెండు పక్కలా వేలాడే చెవులు. కొండల్ తల గోక్కుని, అప్పుడు మాత్రం పువ్వే వచ్చిందని ఒట్టేసి చెప్పాడు. డానియేలు ఆ కుక్కను జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. కుక్కను తీసుకెళ్లి పువ్వడిగిన పిల్లలకు ఎలా ఇవ్వడం?

మర్నాడు నల్లా వంతు. ఈసారి నీళ్లు సరిగ్గా విడిచి, గుంత మూత వేసి, వచ్చింది ఇంతే అంటూ జేబులోంచి తీశాడు. పిల్లలు విరగబడి నవ్వారు. "కుత్తా హై, కుత్తా!" అని ఒకడు గంతులేశాడు. స్రవ్య నవ్వలేదు. ఆ కాగితాన్ని తీసుకుని చూసి, తలకిందులు చేసి పట్టుకుంది.

చెవులు రెండూ పైకి లేచి రేకులయ్యాయి. మూతి మధ్యలో మూడో రేకయింది.

డానియేలు చూస్తూ ఉండిపోయాడు. కుక్క ఏది, పువ్వు ఏది? స్రవ్య చేతిలోంచి తీసుకుని తిప్పాడు, మళ్లీ తిప్పాడు. తర్వాత అరుగు మీద చతికిలబడి, ఆ గులాబీ కాగితం పిల్లను రమ్మన్నాడు. ముందు కాగితం చదరంగా చేసి, మూల మీద ఎదుటి మూల పెట్టి మడవాలి, మొన పైకి ఉండాలి. కింది కొసలు రెండూ ఏటవాలుగా పైకి, మొనకు అటొకటి ఇటొకటి రావాలి. అంతే. అడుగున చీపురు పుల్ల దూర్చి అన్నం మెతుకుతో అంటించమని చంద్రమ్మ చెప్పింది. బిందెలు నిండేలోపు అరుగు నిండా పువ్వులయ్యాయి. చింటూ అనే బుడతడు మాత్రం తనదానికి కళ్లు గీసి, ఇది కుక్కేనని మొండికేశాడు. స్రవ్య పువ్వంటుంది, వాడు కుక్కంటాడు. తీర్పు చెప్పమని ఇద్దరూ డానియేలు దగ్గరికే వచ్చారు. ఇద్దరిదీ నిజమేనంటే ఇద్దరూ ఒప్పుకోలేదు.

సాయంత్రం కొండల్‌కు ఫోన్ చేసి చెప్పాడు. "పిల్లలు నన్నేమన్న యాది చేసిన్రా?" అన్నాడు కొండల్. ఎవరూ తలుచుకోలేదు. "చేసిన్రన్నా," అన్నాడు డానియేలు. ఎందుకలా అన్నాడో అతనికే తెలియలేదు.

తర్వాతి వంతుకు వెళ్లేసరికి పిల్లలు అరుగు ముందు కూర్చుని ఉన్నారు. వాళ్ల వెనక, తెల్ల చొక్కా వేసుకుని, ఒళ్లో క్యాలెండర్ కాగితం పెట్టుకుని కొండల్ కూర్చున్నాడు. జల్‌పల్లి నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చాడట. పిల్లలు తమ కాగితాల గోలలో వెనక్కి తిరిగి చూడలేదు. నేర్పిస్తానన్న మనిషి నేర్చుకోవడానికి కూర్చుంటే ముందు ఎవరిని పలకరించాలో డానియేలుకు తోచలేదు. చావి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నీళ్లు ఇడువు భాయ్ మొదలు," అన్నాడు కొండల్.