అజాన్ ఆగిన సాయంత్రం

దప్పికను సృష్టించి, దాన్ని తీర్చే నీటినీ సృష్టించిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. మనుషుల గుండెల్లో భయం ఎక్కడ దాగుతుందో ఎరిగినవాడు ఆయనే.

నా చిన్నప్పుడు అనకాపల్లిలో, మా వీధి మసీదు ముందు రంజాన్ నెలంతా అందరం కలిసే ఇఫ్తార్ చేసేవాళ్లం. మగవాళ్లు వీధిలో పరిచిన చాపల మీద, ఆడవాళ్లం మసీదును ఆనుకున్న మా ఇంటి వసారాలో కూర్చునేవాళ్లం. గంజి మసీదులోనే కాచేవారు. పానకానికి బెల్లం మాత్రం బజారులోని షావుకారు గారి కొట్టు నుంచి వచ్చేది. ఆయన హిందువు. తండ్రి మొదలుపెట్టిన ఆనవాయితీని విడవకుండా ఏటా మొదటి శుక్రవారం బెల్లం దిమ్మలు పంపి, ఆ సాయంత్రం తానూ వచ్చి చాప మీద ఒక చివర కూర్చునేవారు.

ఆ ఏడు ఊళ్లో గాలి బాగాలేదు. ఒక ఊరేగింపు దగ్గర గొడవైంది. పొద్దుండగానే కొట్లు మూతపడుతున్నాయి. ఆ శుక్రవారం మధ్యాహ్నం, ఎవరు తెచ్చారో తెలియదు గాని, ఒక మాట మా గుమ్మాలన్నీ తిరిగింది. బెల్లంలో విషం కలిపారట.

సాయంత్రం చాపలు పరిచాక, “ఆ పానకం పారబోసెయ్యండే, పిల్లలున్నారు” అంది ఎదురింటి అత్త.

“పారబోత్తే షావుకారు మొహం ఎలా సూత్తావే? ఆయనొచ్చి కూకున్నాడు” అంది మా నానమ్మ.

నిజమే, ఆయన ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నారు. ఆయన పక్క చాప ఖాళీగా ఉంది. వీధి చివర మా కుర్రాళ్లే కొందరు చేతులు కట్టుకుని ఆయన వంకే చూస్తున్నారు. మధ్యలో పానకం బిందె. ఆ బిందెను బోర్లిస్తే ఆయన ఇల్లు చేరరని చిన్నపిల్లనైన నాకూ తెలుస్తూనే ఉంది.

మా మసీదులో నమాజుకు పిలిచే అజాన్ పలికేది మా తాతయ్య. తొలి గుటక ఆయనది. ఆయన గొంతు తడుపుకుని పిలుపు అందుకున్నాకే మిగిలినవాళ్లు గ్లాసులెత్తాలి. పొద్దు గుంకింది. తాతయ్య బిందె దగ్గరికి నడిచారు. బిందెలో గ్లాసు ముంచి, బిస్మిల్లా చెప్పి, అడుగు కనిపించేదాకా తాగి మసీదు మిద్దె మెట్లెక్కారు.

పిలుపు మొదలైంది. ఒక్క గ్లాసూ లేవలేదు. వీధి మొత్తం చెవులు రిక్కించింది, దైవనామం కోసం కాదు, ఆ గొంతు తడబడుతుందేమోనని.

సగంలో గొంతు ఆగిపోయింది.

ఎదురింటి అత్త నా గ్లాసు లాక్కుంది. వీధి చివరి కుర్రాళ్లు చేతులు విప్పి కదిలారు. షావుకారు గారు తల వంచుకున్నారు గాని లేవలేదు. అప్పుడు మా నానమ్మ వసారా అంచుకి వెళ్లి, అందరికీ కనబడేలా నిలబడి, తన గ్లాసు ఎత్తి గుటక గుటకా తాగేసింది. కుర్రాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే నిలిచిపోయారు.

పైనుంచి దగ్గు వినిపించింది. ఆ వెనకే అజాన్, విడిచిన చోటి నుంచి.

నమాజు అయ్యాక నానమ్మ నిలదీసింది. “మద్దిలో ఆపేసేరేటి? మా పేనాలు పోయేయి.”

“ఈదీదంతా నన్నే తలుసుకుంటంటే పొలమారదేటి?” అన్నారు తాతయ్య. ముందు నవ్వింది షావుకారు గారే. నవ్వుతూ కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

పెద్దయ్యాక నానమ్మని అడిగాను, ఆ క్షణాన భయం వెయ్యలేదా అని. “ఎయ్యకేటి? మీ తాత పోయేడనే అనుకున్నాను. నేనూ తాగితే ఆ కుర్రోళ్లు ఆగుతారని తాగేను” అంది.

విన్న మాటను విచారించనిదే నమ్మకూడదని ఆ రంజాన్ తర్వాత మదర్సాలో చదువుకున్నాను. ఆ విషం మాట మాత్రం చావలేదు. ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోంది. ఈ రంజాన్‌కీ వచ్చింది. షావుకారు గారి మనవడు పంపే బెల్లమూ వచ్చింది. అజాన్‌లో ఒక పలుకుకీ మరో పలుకుకీ మధ్య ఊపిరి తీసుకునేపాటి ఖాళీ ఉంటుంది. అక్కడ నా గుండె ఇప్పటికీ ఆగుతుంది. గ్లాసు మాత్రం అప్పటికే నా పెదవుల దగ్గర ఉంటుంది.

చదివే మీరూ నాతోపాటు చేతులెత్తండి. అలాంటి సాయంత్రం మీ వీధికి వస్తే, లేచి నిలబడే ఒక్క మనిషినైనా అక్కడ ఉంచమని ఆ ప్రభువును వేడుకుందాం. ఆమీన్.