వంపులో నిలిచిన కాలు

ఆ డ్రైవరు చేతుల్లోంచి స్టీరింగు లాగేసింది మీరే. బుకాయించకండి, బస్సు ఆఫీసుకిచ్చిన అర్జీ కింద మీ సంతకాలున్నాయి. చిత్తూరు-తిరుపతి బస్సు పన్నెండేళ్లు నడిపిన ఆ మనిషి మొన్న మంగళవారం పొద్దున పోయాడు. సంతకం పెట్టినవాళ్లలో పాడె వెంట నడిచింది నేనొక్కణ్ణే. గొప్పకు చెప్పడం లేదు. ఆ అర్జీ రాసిందే నేను.

'వంపులో యాక్సిలరేటరు తొక్కి ప్రజల ప్రాణాలతో ఆడుకుంటున్నాడు' అని రాశాను. చంద్రగిరి దాటాక వచ్చే పెద్ద వంపులో ఇంజను రొద తగ్గకపోతే మనకు గుండెలు జారేవి. వంపుకు ముందే ఆయన వేగం తగ్గించేవాడని మనలో ఒక్కరూ గమనించలేదు. చెప్పులు సీటు కింద విడిచి వట్టి కాళ్లతో నడిపేవాడు. “తోలు అడ్డమొస్తే ఇంజను మాట కాలికి తెలీదప్పా” అనేవాడు. దాన్నీ నిర్లక్ష్యం కిందే రాశాను.

ఒప్పుకోనిది పెరుగమ్మే ఆమె ఒక్కతే. “ఆయప్ప బండిలో నా పెరుగు కుండ ఏపొద్దూ తొణకలా. ఏలిముద్ర ఎయ్యను, పో!” అంది. చదువులేని మనిషని నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఆయన్ను షెడ్డులో బస్సులు కడిగే పనికి దించారు. నెల తిరగకముందే, వాన కురిసిన రోజున, కొత్త డ్రైవరు అదే వంపులో బెదిరి యాక్సిలరేటరు మీంచి కాలు చటుక్కున ఎత్తేశాడు. బస్సు వెనకభాగం పక్కకు జారింది. వేరుశనగ చేలోకి దిగి ఆగింది. అందులో నేనూ ఉన్నాను. ప్రాణాలు దక్కాయి. అటునుంచి అటే షెడ్డుకు వెళ్లి ఆయనకు జరిగింది చెప్పాను.

“భయపడేదుంటే వంపు రాకముందే భయపడాలప్పా,” అన్నాడు బకెట్టు దించి. “లోపలికొచ్చినాక భయపడితే కాలు లేస్తాది. బరువంతా ముందుకు పడి వెనక చక్రాలు తేలిపోతాయి. కాలు అట్నే నిలపాల. దోవ నేరుగా అయ్యేకొద్దీ మెల్లింగా తొక్కాల.”

“ఈ మాట ఆఫీసులో ఎందుకు చెప్పలేదు?”

“నన్నెవరు అడిగినారు? నీ అర్జీ సదివినారు, నేను ఇన్నాను. తెలుగు బలే రాస్తావబ్బా!” అని నవ్వాడు. ఆ నవ్వు ఆగాక, “ఇంగో అర్జీ రాయి. నన్ను మళ్లా బండెక్కించమని. అంతే సాలు,” అన్నాడు.

రాస్తానన్నాను. ఇంతలో స్వరాజ్యం వచ్చింది. శ్రామికుల హక్కుల మీద వ్యాసాలు రాస్తూ కూర్చున్నాను. ఒక్క శ్రామికుడి కోసం అరపేజీ రాయడానికి తీరిక దొరకలేదు. బజారులో ఆయన కనబడితే పక్క సందులోకి తిరిగాను.

ఇప్పుడు రాస్తున్నాను. కోరికలివి:

పాత అర్జీ తప్పని, సంతకం పెట్టిన ప్రతివాడూ బస్సు ఆఫీసుకు రాసివ్వాలి.

సంజాయిషీ వినకుండా ఏ డ్రైవరునూ పనిలోంచి దించకూడదు.

వంపులో కాలు నిలిపే ఆయన పద్ధతిని కొత్త డ్రైవర్లకు నేర్పాలి.

ఆఫీసు రిజిస్టరులో ఆయన పేరు పక్కన 'బస్సులు కడిగేవాడు' అని ఉంది. అది కొట్టేసి 'డ్రైవరు' అని రాయాలి.