నాయన బూర, నేను ఇవ్వని సుక్కు కాపీ

నానిన చింతపండులో ఉప్పు కలిపి ఇత్తడిని తోముతుంటే లేచే ఆ పుల్లటి వాసన మొన్న జనవరిలో మా పెరట్లో ముక్కుకు తగలగానే నాకు మళ్ళీ తల దించుకోవాలనిపించింది. అమ్మ పీట మీద కూర్చుని నాయన బూరను తోముతోంది. పటాలంలో పొద్దున్నే సిపాయిలను లేపడానికి, పొద్దుగూకే వేళ జెండా దించడానికి ఊదే పొట్టి ఇత్తడి బూర అది. నాయన పోయి ఇన్నేళ్ళయినా రిపబ్లిక్ డేకి ముందు అమ్మ ఈ పని మానలేదు.

మా చిన్నతనంలో చిత్తూరు పరేడ్ మైదానంలో రిపబ్లిక్ డే సాయంత్రం జరిగే ప్రదర్శనను ఊరంతా 'పటాలం' అనే పిలిచేది. రిటైరై వచ్చిన సిపాయిలు ఏనాడో పదిమంది కలిసి మొదలుపెట్టిన కవాతు అది. ఏడాదికొకటి చేరుతూ బ్యాండు వచ్చింది, మోటారు సైకిళ్ళ మీద మనుషుల గోపురం వచ్చింది, బెల్లం గంపలతో శకటాలు వచ్చాయి, చివరికి టపాకాయలతో ఉత్తుత్తి యుద్ధం కూడా వచ్చింది. ఆ యుద్ధంలో శత్రువు వేషం కట్టడానికి ఎవరూ ఒప్పుకోకపోతే చీట్లు వేసేవాళ్ళు; ఐరాల నుంచి బస్సులో వచ్చే ఒక పెద్దాయనకు ఏటా ఆ చీటీయే పడేది, ఆయన ఏటా అలిగి, ఏటా అందరికంటే బాగా చచ్చిపోయేవాడు. మేం పిల్లలం ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుంటూ, బొప్పాయి ఆకు కాడలతో పీపీ ఊదుకుంటూ, సున్నం గీత దాటామని పోలీసుల చేత తిట్లు తింటూ, చలికి ముక్కులు కారుతున్నా కదిలేవాళ్ళం కాదు.

అన్నింటికన్నా చివర జెండా దించేటప్పుడు ఒక్క బూర. మైదానం మొత్తం ఊపిరి బిగబట్టేది. ఆ తర్వాత మా ఊరికి మాత్రమే ఉన్న ఒక ముచ్చట జరిగేది. మొట్టమొదటి ఏడు బూర ఊదినాయన కూతురు, వాళ్ళ నాయనకు గొంతు నొప్పెడుతుందని భయపడి, సుక్కు కాపీ, అంటే శొంఠి కాఫీ, గ్లాసులో పట్టుకుని కవాతు మధ్యలోకి పరిగెత్తిందట. పెద్ద ఆఫీసరు కోప్పడతాడేమోనని అందరూ బిక్కచచ్చిపోతే, ఆయన నవ్వి దారి ఇవ్వమన్నాడట. అప్పటినుంచి బూర ఊదినవాడికి వాళ్ళింటి బిడ్డే వచ్చి సుక్కు కాపీ ఇవ్వాలి, మైకులో పేరు పెట్టి పిలవాలి. నాయన ఊదడం మొదలైన ఏటి నుంచి, నాకు ఆరేళ్ళప్పటి నుంచి, ఆ గ్లాసు నాదే. ఎంత గర్వంగా నడిచేదాన్నో!

నాయన ఆరోజు కారం ముట్టేవాడు కాదు, పెదాలకు నెయ్యి రాసుకుని మధ్యాహ్నం నుంచి మాట కూడా పొదుపు చేసేవాడు. హవల్దారు పింఛను చాలక మిగతా రోజుల్లో పెళ్ళి బ్యాండులో ఎర్రకోటు వేసుకుని వాయించేవాడు. నన్ను పద్నాలుగో ఏట ఇంగ్లీషు మీడియం బడిలో చేర్చారు. అక్కడి స్నేహితురాళ్ళతో, మా నాయన పెద్ద మిలిటరీ ఆఫీసరని కోతలు కోశాను. ఆ డిసెంబరులో ఒకమ్మాయి వాళ్ళక్క పెళ్ళికి పోతే, ఊరేగింపు ముందు ఎర్రకోటులో నాయన! నన్ను చూసి నవ్వాడు. నేను వెళ్ళి స్తంభం వెనక దాక్కున్నాను.

జనవరిలో ఆ పిల్లల మధ్యే, మూడో వరస కుర్చీలో కూర్చున్నాను. అమ్మ ఇచ్చిన ఫ్లాస్కు, గ్లాసు కాలితో కుర్చీ కిందికి తోసేశాను. నాయన ఊదాడు. మైకు పలికింది: "హవల్దారు గారి పాప యాడుండాదో, మైదానంలోకి రావాల!" నా పేరు మూడుసార్లు పిలిచారు. పక్కనున్న అమ్మాయి "నీ పేరే!" అంది. "ఆ పేరు ఊళ్ళో నాకొక్కదానికేనా?" అన్నాను సిగ్గులేకుండా. నాయన అటెన్షన్‌లో నిలబడి కాసేపు చూశాడు. తర్వాత సెల్యూట్ చేసి, వెనుదిరిగి ఒక్కడే నడిచి వెళ్ళిపోయాడు.

దారిలో కాపీ మురికి కాలవలో పారబోశాను. ఇంటికి పోతే నాయనే ముందు మాట్లాడాడు. "అంత జనంలో దోవ దొరికుండదు లే పాపా. సల్లారినా ఫర్వాలేదు, ఇట్లియ్యి, తాగుతా." ఫ్లాస్కు అందుకుని ఊపి చూశాడు. తనే కడిగి బోర్లించాడు. మరుసటి ఏడు డాక్టరు కాపీ వద్దన్నాడని, పాపను పిలవొద్దని నిర్వాహకులకు చెప్పేశాడట. ఆ తర్వాత వచ్చిన బూరవాళ్ళ కోసం కూడా ఎవరూ పిలవలేదు. అన్నేళ్ళ ముచ్చట నా దగ్గరే ఆగిపోయింది.

మొన్న పెరట్లో ఇదంతా అమ్మకు మొదటిసారి చెప్పేశాను. "నేను అక్కడే కూర్చుని కూడా రాలేదని నాయనకు మాత్రం తెలీదు లేమ్మా, అదే నా అదృష్టం" అన్నాను.

అమ్మ తోమడం ఆపలేదు. "తెల్దని ఎవురు సెప్పినారు? ఊదేదానికి ముందే మూడో వరసలో నిన్ను సూసినాడు. పిల్లను ఒక్క మాట అడగొద్దని ఆ పొద్దే నాతో ఒట్టు పెట్టించుకున్నాడు."

స్తంభం వెనక దాక్కోవడం కూడా చూసే ఉంటాడు. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది.

రిపబ్లిక్ డే సాయంత్రం ఫ్లాస్కులో సుక్కు కాపీ పోసుకుని మైదానానికి వెళ్ళాను. చుట్టూ సున్నం గీతలు లేవు, ఇనప కంచె ఉంది. ఉత్తుత్తి యుద్ధం మానేశారు, శత్రువు పెద్దాయన పోయాడు, శెనక్కాయల బండి లేదు, ఆకాశంలో డ్రోన్లు తిరుగుతున్నాయి. జెండా దించేటప్పుడు బూర శబ్దం స్పీకర్లలోంచి వచ్చింది, రికార్డు చేసింది. మైదానం మధ్యలో ఊదే మనిషే లేడు. మైకులో ఎవరి పేరూ పిలవలేదు. అయినా నేను గ్లాసు నింపుకుని లేచి నిలబడ్డాను.

వెనక నుంచి ఎవరో అరిచారు: "కూసోమ్మా, మాకు కనపడాల గదా!"