నా ఫిర్యాదుకు నేనే రాసిన సంజాయిషీ

పక్క క్వార్టర్లోకి కొత్తగా వచ్చిన టీచరు చోడిపిండి, అదే రాగిపిండి, వేయిస్తోంది. వానగాలికి ఆ వాసన మా వంటింటి కిటికీలోంచి నేరుగా లోపలికి వస్తుంది. ముందు కాస్త మాడినట్టు, తర్వాత తియ్యగా ఉంటుంది. ఆ అమ్మాయికి అయిదు నెలల బాబు. పెట్టే వేళ ఇంకా రాలేదు, పొడి మాత్రం ముందే సిద్ధం చేసుకుంటోంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు గురుబారి గుర్తొస్తుంది. గుర్తురాగానే మొదట వచ్చేది కోపమే. ఆ కోపం ఎందుకో చెబితే తప్ప ఆమె ఎలాంటిదో మీకు తెలియదు.

గురుబారి నేను అప్పట్లో పనిచేసిన ఊరి అంగన్‌వాడీ కార్యకర్త. గురువారం పుట్టిందని ఆ పేరు పెట్టారట. ముంచింగిపుట్టు నుంచి జీపులో గంట దూరం ఆ ఊరు. అక్కడి ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పడానికి నేను రాజవొమ్మంగి నుంచి వెళ్లాను. మొదటి రోజే ఆమె నన్ను “నువ్వు” అంది. తనిఖీకి వచ్చిన ఆఫీసరును కూడా అలాగే అంటుందని తర్వాత తెలిసింది కానీ, అప్పటికే నేను దాన్ని మనసులో రాసేసుకున్నాను. నాకు పాప పుట్టి ఇంటికి తెచ్చుకున్నాక మూడు వారాలు ఆమె మా గుమ్మం దాటి లోపలికి రాలేదు. బయట నిలబడి పలకరించి వెళ్లిపోయేది. తనకు జలుబుగా ఉందని, పాపకు అంటకూడదని చెప్పింది. మూడు వారాల జలుబు ఎక్కడైనా ఉంటుందా అని అదీ రాసేసుకున్నాను.

మా రూతు నెలన్నర ముందే పుట్టింది. ఎనిమిదో నెలలో పరీక్ష పేపర్ల పని మీద నేను జీపెక్కి మండలానికి వెళ్లొచ్చాను. ఆ మర్నాడే నొప్పులు. “ఆ జీపు వల్లే” అని నా ముఖం మీద ఎవరూ అనలేదు. అనకుండా చూసినవాళ్లు ఎవరెవరో మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే. అందరికంటే ఎక్కువగా అలా చూసుకున్నది నన్ను నేనే. అందుకే పాపకు ఆరు నెలలు నిండడం కోసం రోజులు లెక్కపెట్టాను. అందరి పిల్లల్లాగే ఆరో నెల నిండగానే నా బిడ్డ నోట్లోనూ అన్నం పడితే, ఆ నెలన్నర లోటు అక్కడితో తీరిపోతుందని నా ఆశ.

సెంటర్లో నెలకోసారి అన్నప్రాశన చేస్తారు. మేం ముహూర్తాలు చూసుకునేవాళ్లం కాము, చర్చికి వెళ్లే కుటుంబం. అయినా పాప పుట్టినప్పటినుంచీ మా దగ్గరే ఉంటున్న అత్తగారు రాజవొమ్మంగి వెళ్లి వెండి గిన్నె తెచ్చారు. కురుపాంలో పనిచేసే మా ఆయన సెలవు పెట్టి వచ్చారు. పాపకు పసుపుపచ్చ గౌను తొడిగాను. ఆ రోజు నలుగురు పిల్లలు. గురుబారి ఒక్కొక్క గుంటనీ, పసిపిల్లల్ని ఆమె అలాగే అంటుంది, ఒళ్లో కూర్చోబెట్టుకుని చూసి, తల్లి చేతికి చెంచా ఇస్తోంది. రూతును కూర్చోబెట్టుకుంది. వీపు వెనకనుంచి చెయ్యి మెల్లగా తీసింది. పాప పక్కకి వాలిపోయింది. ఖాళీ చెంచా అంచు పెదవికి తాకించింది. పాప నాలుకతో బయటికి తోసేసింది. కాసేపాగి మళ్లీ తాకించింది, మళ్లీ తోసేసింది. గురుబారి చెంచా పళ్లెంలో పెట్టేసింది.

“ఈ గుంట ఇంకా ఒప్పుకోలేదు. మూడు నాలుగు వారాలు ఆగు టీచరమ్మా. అందాకా నీ పాలే పట్టు.”

మా అత్తగారు పాప టీకాల కార్డు తీసి చూపించారు. “ఆరు నెలలు నిండిపోయాయి కదమ్మా, ఇదిగో చూడు.”

“కార్డుకి నిండేయి అమ్మా. గుంటకి నిండలేదు.”

వెనక ఎవరో నవ్వారు. ఎవరో నాకు తెలుసు. వెండి గిన్నెను అత్తగారు కొంగులో చుట్టుకున్నారు. ముగ్గురం ఇంటికి వచ్చేశాం. ఆమె చెప్పింది “ఆగు” అన్న మాటే. నాకు మాత్రం నీ బిడ్డలో ఏదో లోపం ఉంది అని ఊరందరి ముందు చాటినట్టే వినిపించింది.

మా ఆయన మధ్యాహ్నం జీపుకు వెళ్లిపోయారు. సాయంత్రం అత్తగారూ నేనూ అన్నం మెత్తగా మెదిపి, పాలు కలిపి, చిటికెడంత పాప నోట్లో పెట్టాం. పాప దగ్గింది. దగ్గు ఆగి చప్పుడు లేకుండా అయిపోయింది. ముఖం కందిపోయింది. అత్తగారు పాపను ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు చరిచారు. మెతుకులు బయటపడ్డాయి, ఏడుపు వచ్చింది. ఆ ఏడుపంత తియ్యని చప్పుడు నేను మళ్లీ వినలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని మేమిద్దరం అనుకోలేదు, కానీ చెప్పలేదు.

అది జరిగాక కూడా నేను సోమవారం ఫిర్యాదు రాశాను. అదీ నా స్వభావం. నాలుగు పేజీలు. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఆహారం నిరాకరించినట్టు, తల్లిని పదిమందిలో అవమానించినట్టు, ఏకవచనంతో పిలిచినట్టు. దగ్గు గురించి ఒక్క అక్షరం లేదు.

రెండు వారాలకు గురుబారి మా వరండాలోకి వచ్చింది. శనివారం మధ్యాహ్నం, సన్నగా వాన. ఆమె చేతిలో మెమో, రెండు తెల్లకాగితాలు, ఒక పెన్ను ఉన్నాయి. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం నుంచి తీసేయాల్సి వస్తుందని మెమోలో రాశారు. దానికి నా ఫిర్యాదు నకలు కుట్టి ఉంది. నా రాత, కింద నా సంతకం.

“నా రాత కోడి గెలికినట్టు ఉంటాది. జవాబు నువ్వే రాసిపెట్టాల.”

ఫిర్యాదు ఎవరు పెట్టారో చూడలేదా అని అడిగాను.

“సూసేను. అందుకే నీ కాడికొచ్చేను. ఇంత బాగా రాసినోళ్లు ఈ సుట్టుపక్కల ఇంకెవులున్నారు?”

ఎత్తిపొడుపేమోనని ముఖంలోకి చూశాను. అలాంటిదేమీ లేదు. అది నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. పెన్ను తీసుకున్నాను.

ఆమె రిజిస్టరు తేలేదు. గోడకు ఆనుకుని కూర్చుని గుర్తున్నది చెబుతూ పోయింది, నేను మంచి తెలుగులో పెడుతూ పోయాను. తూకం వేసిన రోజు ఉయ్యాల గుడ్డలోంచి తీస్తుంటే పాప మెడ రెండుసార్లు వెనక్కి వాలింది. చేతులు పట్టి లేపితే ఒళ్లంతా వచ్చాక ఆఖరున తల వచ్చింది. గోడకు చేరవేస్తే గోనెసంచిలా జారింది. ఎదుట ఎవరైనా తింటుంటే వాళ్ల చేతివైపు చూడదు, పైన తిరిగే ఫ్యానువైపు చూస్తుంది. ఇవన్నీ ఎప్పుడు చూశావని అడిగాను. రోజూ సెంటరుకు వెళ్తూ మా గేటు దగ్గర కాసేపు ఆగేది, అప్పుడట. మేం ఏం వండుకుంటున్నామో చూడ్డానికి ఆగుతోందని నేను అన్నాళ్లూ అనుకున్నాను. అత్తగారి ఒళ్లో ఉన్న నా బిడ్డ మెడను చూడ్డానికి ఆగేదట.

మధ్యలో ఒకచోట పోట్లాడుకున్నాం. ఆ కొండల్లో కొత్తపంట వస్తే, కొత్త పండగ చేసేదాకా ఎవరూ నోట పెట్టరు. దాన్ని కూడా రాయమంది.

“కొత్త ఎప్పుడు సేత్తాం? సేలోకెళ్లి గింజ కొరికి సూసి సేత్తాం. పాలు గట్టిపడకపోతే ఇంకో వారం ఆగుతాం. ఈ గుంటకీ అంతేనని రాయి.”

ఆఫీసు కాగితంలో అలాంటివి రాయకూడదన్నాను. అయితే ఇంకేటి రాత్తావని అడిగింది. ఎంత ఆలోచించినా అంతకంటే తేలికగా చెప్పే వాక్యం దొరకలేదు. రాశాను.

చివర్లో ఆమె అంది: “ఇంకోటి రాయి. నేను ఆగమన్నాక ఆ తల్లి గుంటకేటీ పెట్టలేదు. సదువుకున్న తల్లి, మాట ఇన్నాది.”

నా పెన్ను ఆగిపోయింది. అత్తగారు లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ వాక్యం రాస్తే నాకు పోయేదేమీ లేదు. అది నాకు మంచి పేరే. అయినా “పెట్టాను” అన్నాను. ఆ సాయంత్రం జరిగిందంతా చెప్పాను. చెబుతూ చెబుతూ ఎందుకో జీపు సంగతి కూడా చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. దగ్గు ఎంతసేపు ఉంది, పెదాలు నల్లబడ్డాయా, తర్వాత జ్వరం వచ్చిందా, పాలు మామూలుగా తాగుతోందా అని వరసగా అడిగింది. పాపను ఎత్తుకుని వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. సోమవారం ఆస్పత్రిలో చూపిద్దాం, నేనూ వస్తానంది. తర్వాత కాగితం వైపు చూపించి, ఆ దగ్గు సంగతి ఆఫీసోళ్లకి అక్కర్లేదంది.

“తల్లి పెట్టలేదన్న మాట కూడా రాయకు. నీ సేత అబద్ధం రాయించకూడదు.”

లేచి చెప్పులు వేసుకుంటూ, అటు తిరిగే అంది: “జీపెక్కినోళ్లందరికీ ముందే పుడతారేటి? ఎనిమిదో నెల్లో నేను కట్టెలు మోసేను. నా కొడుకు రోజు దాటినాకే పుట్టేడు. నీ గుంటకి బేగి బయటికి రావాలనిపించింది, వచ్చింది. మిగతావి నిదానంగా సేత్తాది.”

ఆ మాట నాకు ఆరు నెలలుగా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఫిర్యాదు నేను వెనక్కి తీసుకోలేదు. అది నాకు చేతకాదు. దాన్ని ఓడించేలా సంజాయిషీ రాశాను. చిత్తుకాగితం మూడుసార్లు తిరగరాశాను. ఆస్పత్రిలో డాక్టరు ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. ముందే పుట్టిన పిల్ల కాబట్టి ఆ వారాలు కూడా లెక్కలోకి తీసుకోవాలనీ, మెడ నిలబడిందా, ఆనుకుని కూర్చుంటోందా, తిండి కోసం చెయ్యి చాస్తోందా చూసి మొదలుపెట్టమనీ, అలాగని మరీ ఆలస్యం చెయ్యొద్దనీ చెప్పాడు. ఆయన చెప్పినవి చాలావరకు ముందే నా చేతిరాతలో ఆ కాగితంలో ఉన్నాయి. ఆఫీసువాళ్లు ఆ సంజాయిషీని ఒప్పుకున్నారు, మెమో అక్కడితో ముగిసిపోయింది.

నెల తిరక్కుండానే ఒక మంగళవారం, రెండో పీరియడ్లో, గురుబారి మా క్లాసు గుమ్మంలోకి వచ్చి బేగి రమ్మంది. నాకు భయమేసి పరుగెత్తాను. ఇంట్లో రూతు చాప మీద, అత్తగారి మోకాలికి ఆనుకుని నిటారుగా కూర్చుని ఉంది. అత్తగారు జావ తాగుతున్నారు. గ్లాసు పైకి వెళితే పాప తల పైకి, కిందికి వస్తే కిందికి. నోరు తెరుస్తోంది. రెండు చేతులూ చాచి అత్తగారి మణికట్టు పట్టుకుని లాగుతోంది. అత్తగారికి పాస్టరు గారు వచ్చాక ఆదివారం పెడదామని ఉంది. గురుబారి పాపవైపు చూపించి, అంతవరకు ఊరుకుంటుందేమో దాన్నే అడగమంది. అత్తగారు కళ్లు మూసుకుని రెండు మాటల్లో ప్రార్థన ముగించారు.

చోడిపిండి చెంచా నుంచి జారిపోకుండా చిక్కగా ఉడికించింది గురుబారి. చెంచా తనే పట్టుకుంటుందనుకున్నాను. నా చేతికిచ్చింది. మొదటిది సగం గడ్డం మీదికి కారింది. రెండోది లోపలే ఉండిపోయింది. పాప మూతి ముడిచి, ఆలోచించినట్టు చూసి, మింగి, మళ్లీ నోరు తెరిచింది. మూడో చెంచా తర్వాత ముఖం పక్కకు తిప్పేసింది. ఇంకొక్కటి పెడదామని అత్తగారన్నారు.

“సాలు. సాలని సెప్పేసింది కదా,” అంది గురుబారి.

రెండేళ్లకు నాకు అరకుకు బదిలీ అయింది. రూతు ఇప్పుడు నాలుగో తరగతి. మధ్యలో రెండుసార్లు వెళ్లి గురుబారిని చూసొచ్చాను, అప్పుడూ నన్ను నువ్వనే అంది. పోయిన వానాకాలంలో ఆమె జ్వరంతో పోయింది. నాకెవరూ చెప్పలేదు. పదకొండో రోజున సంతలో, పసుపు అమ్మే ఆవిడ మాటల్లో తెలిసింది. మట్టిలో పెట్టేటప్పుడు నేను లేను. అందరి దగ్గరా నా నంబరు ఉంది.

నేను ఇప్పటికీ ఫిర్యాదులు రాస్తాను. అయితే రాశాక వెంటనే పంపను. అవతలి మనిషి మా వరండాలో గోడకు ఆనుకుని చెబుతున్నట్టు అనుకుని, వాళ్ల సంజాయిషీ కూడా నేనే రాస్తాను, నాకు చేతనైనంత బాగా. సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి. మిగతావి పంపేస్తాను. గురుబారి పోయినట్టు నాకు కబురు చెప్పని ఆ ఊరివాళ్ల మీద రాసింది మాత్రం ఏడాదిగా బల్ల మీదే ఉంది. దానికి జవాబు మొదలుపెట్టాను. “ఆ వారమంతా వాన. సిగ్నలు లేదు. మాకూ ఏం చెయ్యాలో తోచలేదు. అందరం ఏడుస్తున్నాం” అన్నంతవరకు రాశాను. తర్వాత ఏం రాయాలో ఇంకా తెలియలేదు.