బాదం చెట్టు కింద గడప

నా చిన్నప్పుడు మేం కొన్నాళ్ళు ఆసుపత్రి ఆవరణలో, బాదం చెట్టు కింద కాపురమున్నాం. ఈ మధ్య మా మనవరాలు స్నేహితులతో వెళ్ళి కొండమీద గుడారం వేసుకుని పడుకుని వచ్చింది. దాన్ని క్యాంపింగ్ అంటారట. ఫొటోలు చూపిస్తుంటే, మేమూ చేశాంలే అన్నాను. అది పకపకా నవ్వింది. నవ్వనీ, దానికేం తెలుసు.

మాది యారాడ, పట్నానికి కొండ అవతల సముద్రపొడ్డున పల్లె. నాన్న మరపడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఒకసారి సముద్రం మీదే కడుపునొప్పి మొదలై, ఒడ్డుకు చేరేసరికి మనిషి మెలికలు తిరిగిపోతున్నాడట. హార్బరు నుంచి రిక్షాలో నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. లోపల పేగు పగిలి చీము పట్టిందని వెంటనే ఆపరేషన్ చేశారు. కబురంది అమ్మా, అమ్మమ్మా, నేనూ, చంకలో తమ్ముడూ, చేతికి దొరికిన సామాను మూటగట్టుకుని కొండ దిగి, పడవెక్కి రేవు దాటి వచ్చేసరికి నాన్నకు స్పృహ లేదు. వార్డులో రోగికి తోడుగా ఒక్కరినే ఉండనిస్తారు. అమ్మ ఉండిపోయింది. మేం బయట మిగిలాం.

తెలివి వచ్చాక నాన్నకు ఏం పట్టినా కక్కేసేవాడు. పాలు పోస్తే పాలు, బ్రెడ్డు ముంచి పెడితే బ్రెడ్డు. చివరికి చోడి జావ ఒక్కటే లోపల నిలిచింది. రాగుల్ని మా వైపు చోళ్ళంటారు. ఏది ఇమిడితే అదే పట్టండి, తిండి దిగకపోతే మనిషి తట్టుకోడని డాక్టరుగారు చెప్పారట. ఆ మాట మాకు చెబుతూ అమ్మ వరండా గోడ పట్టుకుని జారిపోయింది. నాకు తెలిసిందల్లా ఒకటే. ఈ జావ పూటపూటా వేడిగా లోపలికి వెళ్ళకపోతే నాన్న చచ్చిపోతాడు. పట్నంలో చుట్టాలెవరూ లేరు. కాచి ఇవ్వాలంటే మేం అక్కడే ఉండాలి.

అమ్మమ్మ మూట విప్పింది. పాత యూరియా బస్తాలు చీల్చి, వలలు కుట్టే సూదితో ఒకదానికొకటి కలిపి కుట్టింది. బట్టలారేసే తాడు ఒక కొస చెట్టుకీ, ఇంకో కొస ప్రహరీగోడలో మేకుకీ కట్టి, బస్తాలు దానిమీద వేసింది. గాలికి లేవకుండా, వలకు బరువులు కట్టినట్టు అంచుల్లో గులకరాళ్ళు పెట్టి ముడులు వేసింది. వానొస్తే నీళ్ళు లోపలికి రాకుండా గరిటె కాడతో చుట్టూ కాలువ తీసింది. కింద గోనెపట్టాలు, ముందు నాన్న లుంగీ తెర. నీళ్ళకు డాల్డా డబ్బా. ఇటుకలే పొయ్యి, రాలిన బాదం ఆకులే చితుకులు.

అంతా అయ్యాక ఎక్కడినుంచో విరిగిన పెట్టె చెక్క ఒకటి తెచ్చి తెర ముందు అడ్డంగా పెట్టి, దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. లోపల నాన్న అలా పడి ఉంటే ఈ ముసల్దానికి ఇదేం పిచ్చి అని నాకు ఒళ్ళు మండింది. కావాలనే దాన్ని తొక్కి లోపలికి వచ్చాను. "గడప తొక్కుతావేటే" అని వీపు మీద ఒక్కటిచ్చింది. చెప్పులు బయటే విడవాలి, గడప దాటి రావాలి. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయే బస్తా గుడ్డకు ఇన్ని మర్యాదలు.

ఒక మధ్యాహ్నం సన్నగా జల్లు పడుతోంది. పొయ్యి మీద జావ ఉడుకుతోంది. ఆసుపత్రి వాచ్‌మన్ కర్ర పట్టుకుని వచ్చాడు. "ఏటమ్మా ఇది, ఆసుపత్రనుకున్నారా, సత్రమనుకున్నారా? తీసీండి. పెద్ద డాక్టరుగారు సూసేరంటే నా ఉద్యోగం ఊడిపోద్ది" అంటూ తాడు మీద చెయ్యి వేశాడు. ఆ తాడు తెగితే బస్తాలు వచ్చి పొయ్యి మీదే పడతాయి. తమ్ముడు బిక్కమొహం వేసుకుని నా గౌను పట్టుకున్నాడు.

అమ్మమ్మ కూర్చున్న చోటినుంచి లేవలేదు. తలైనా ఎత్తకుండా, జావ కలుపుతూనే అంది. "తడుస్తన్నావు బాబూ. సెప్పులు గడపవతల ఇడిసి లోపలికి రా."

అతను చెక్క వైపు చూశాడు. పసుపు, బొట్లు. ఏమనుకున్నాడో ఏమో గానీ, కాళ్ళు వాటంతటవే చెప్పులు విడిచేశాయి. గడప తొక్కకుండా దాటి, తల వంచి లోపలికి వచ్చాడు. వచ్చాక గాని తను చేసిన పని అతనికి తెలిసినట్టు లేదు. ఇంటికొచ్చిన మనిషైపోయాడు, ఇంక ఆ ఇల్లెలా పీకుతాడు? కర్ర ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. అమ్మమ్మ గ్లాసుతో జావ ఇచ్చింది.

"ఎవరమ్మా వార్డులో?" అన్నాడు గ్లాసు అందుకుంటూ.

"మా అల్లుడు బాబూ. ఈ జావొక్కటే ఇముడుతంది."

అతను తాగి, గ్లాసు కింద పెట్టి, బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాడు. "పొద్దున్న డాక్టరుగారు తిరిగే వేళకి దింపీండి. ఆయనెళ్ళిపోనాక మళ్ళీ కట్టుకోండి. నాను సూడనేదు" అని వెళ్ళిపోయాడు.

రోజూ పొద్దున దింపాం, రోజూ కట్టాం. జావ గ్లాసు ఒక్కోసారి వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగి వచ్చేది. అమ్మ మొహం చూడడానికి భయమేసేది. ఒకరోజు అమ్మ వరండాలోంచే గ్లాసు బోర్లించి చూపించింది. ఒక్క చుక్క కారలేదు. అప్పటిదాకా కంటతడి పెట్టని అమ్మమ్మ ఆ గ్లాసు తీసుకుని చెట్టు వెనక్కి వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చింది.

నాన్న బతికాడు. యారాడ వెళ్ళాక ఈ కథ నేను చెప్పని వాళ్ళు లేరు. వాచ్‌మనొస్తే మా అమ్మమ్మ లేవను కూడా లేదు, మహారాణిలా కూర్చుని మాట్లాడింది అని పక్కింటి అక్కకు గొప్పగా చెబుతుంటే, చేపలు తోముతున్న అమ్మమ్మ విని నవ్వింది.

"మారాణేటే నీ మొకం. కాళ్ళు వణికిపోయి లెగనేకపోనాను. అందుకే కూకునే మాటాడినాను."

ఆ మాటకు నేను చాలా రోజులు చిన్నబుచ్చుకున్నాను. ఆవిడకు భయమేయలేదనే కదా నేను అన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు నాకు ఆవిడ వయసొచ్చింది. మగడి ఆపరేషనప్పుడు, కూతురి కాన్పు అడ్డం తిరిగినప్పుడు, ఆసుపత్రి బల్లల మీద నేనూ లేవలేక కూర్చున్నాను. అందరూ నన్ను గుండె ధైర్యం గల మనిషంటారు. అదేం లేదు. నాకూ కాళ్ళు వణుకుతాయి. వణికితే కూర్చుంటాను. కానీ డాక్టరునైనా సరే, అడగవలసిన మాట మాత్రం కూర్చునే అడిగి తీరుతాను.