వెల్లకిలా పడుకుని ఆడే పులిమేక

పక్కింట్లో ఉండే మా బావ, అంటే మా అక్క మొగుడు, కాలు విరిగి మంచాన పడ్డాక మాట మానేశాడు. లేచి కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మీసాలు రాని వయసు నుంచీ మేమిద్దరం రోజూ అరుగు మీద పులిమేక ఆడేవాళ్లం. గులకరాళ్లు పులులు, చింతగింజలు మేకలు. అట్టముక్క మీద పటం గీసి ఆయన ముఖం మీదకి ఎత్తి పట్టుకున్నాను. గింజలన్నీ జారి మెడ మీద పడ్డాయి. బావ గోడవైపు తిరిగాడు.

తెర మీదైతే గింజ జారదు కదా అని అప్పుడే తట్టింది. ఫోన్లో అంటే బావ కళ్లకి ఆనదు. మనవరాలు వాడి వదిలేసిన లాప్‌టాప్ ఉంది.

ఆట నేనే రాద్దామని నరసరావుపేటలో ఒక కంప్యూటర్ సెంటరుకి వెళ్లి, ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష నేర్పమన్నాను. అక్కడి మాస్టారు నన్ను కిందా మీదా చూశాడు.

"ఈ వయసులో మీకెందుకు తాతా ఇయ్యన్నీ?"

ఒళ్లు మండింది. నేను బడి గడప తొక్కలేదు. ఎరువుల బస్తాల మీద ఇంగ్లీషు నేర్చుకున్నాను. బోరు మోటారు స్టార్టరు విప్పి కరెంటు నేర్చుకున్నాను. పైథాన్ మాత్రం ఎవరి అబ్బ సొమ్ము?

వీడియోలు చూసి పటం గీతలు గీసే ప్రోగ్రాం రాశాను. ఫైలు మీద రెండుసార్లు నొక్కాను. విండో తెరుచుకుంది, గీతలు మెరిశాయి, మాయం. మళ్లీ నొక్కాను. మళ్లీ మాయం.

మోటారు ట్రిప్పయితే బటన్ నొక్కుతూ కూర్చోం, మూత విప్పి చూస్తాం. అందుకని ముందు ఆదేశాలు టైపు చేసే నల్ల విండో తెరిచి, అందులోంచి ప్రోగ్రాం నడిపాను. తప్పేదైనా ఉంటే ఆ రాత చెరిగిపోకుండా అక్కడే కనపడుతుంది. ఏ తప్పూ చూపించలేదు! తెరవమన్నాను, తెరిచింది. గియ్యమన్నాను, గీసింది. పనైపోయింది, వెళ్లిపోయింది. ఉండమని నేనెక్కడ చెప్పాను? కూలికొచ్చినవాడైనా పని ముగిశాక చేలో నిలబడతాడా?

తిరుగుతూనే ఉండమని చివర్లో ఒక లూప్ రాశాను. విండో నిలిచింది. ఆనందం పట్టలేక కుర్చీలోంచి లేచాను. తీరా మూద్దామని క్రాస్ గుర్తు నొక్కితే చలనం లేదు, తెర పాలిపోయింది. తిరుగుతోందే గానీ నా మాట వినడం లేదు. ఇంకో వీడియో వెతికాను. తిరిగిన ప్రతిసారీ, ఎవరైనా ఏదైనా నొక్కారా అని అడగాలట. క్రాస్ నొక్కి ఉంటే ఆగిపోవాలట. ఆ నాలుగు ముక్కలూ చేర్చాను. నిలిచింది. నొక్కితే పోయింది. పిలిస్తే వచ్చింది.

చెప్పులు కూడా వేసుకోకుండా లాప్‌టాప్ ఎత్తుకుని పక్కింటికి పరుగెత్తాను. బావ తలగడ పక్కన స్టూలు మీద పెట్టి, తెర ఆయన వైపు వంచాను. ఒక్కో గీతా వేలితో చూసుకుంటూ వచ్చాడు.

"ఎడంపక్క అడ్డగీత ఏదిరా?"

వంటింట్లోంచి అక్క గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏస్తా బావా. ఒక్క లైను పని."

"మేకలేవిరా?"

"ఇంకా రాయలా. రేపటికి."

"రేపటిదాకా ఏంది, ఖాళీ పటం చూస్తా పడుకోమంటావా?" తల ఇటు తిప్పాడు. "పులులు నాయి."

"రాసింది నేను. పులులు నాయే."

"కాలు ఇరిగింది నాది."

లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అక్కడే నేల మీద చతికిలబడి, నా మేకలు రాయడం మొదలుపెట్టాను.